చప్పుడు చెయ్యని ఇల్లు

"ఎంతసేపు పడి ఉన్నవమ్మా?"

జ్యోతి ఆ మాట అడగడం మూడోసారి. ఫోన్ అందుకుని, అత్తగారి ఊరు విసాపూర్ నుంచి ఆటోలో వచ్చి పది నిమిషాలు కాలేదు. భుజాన సంచి ఇంకా దించలేదు.

ఐలమ్మ కూతురి వైపు చూడలేదు. హాల్లో నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని, పొత్తికడుపు మీద చెయ్యి ఆనించి, పైన తిరుగుతున్న ఫ్యానునే చూస్తోంది. మోచేయి దగ్గర తోలు లేచిపోయింది. కోడలు అద్దిన పసుపు అక్కడ ఎండి పొట్టులా రాలుతోంది.

"ఓ పావుగంట ఉండొచ్చు," అన్నాడు తండ్రి గట్టయ్య.

"నిన్నడగలే బాపూ. అమ్మను అడుగుతున్న."

"ఆమె చెప్తలేదు గదా. అందుకే నేను చెప్తున్న."

"పడంగ చూసినవా నువ్వు?"

"నేను గేటు కాడ కూసున్న."

"మరి పావుగంటని ఎట్ల తెలిసింది?"

గట్టయ్య గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు, జవాబు అక్కడ రాసి ఉన్నట్టు.

వంటింటి గుమ్మంలో మాధవి నిలబడి ఉంది. స్కూల్లో ఆయాలకిచ్చే నీలం చీర ఇంకా మార్చుకోలేదు. ఒంటిగంటన్నరకు ఇంటికొచ్చి బాత్రూం తలుపు తోసింది ఆమే. తలుపు సగం వరకే తెరుచుకుంది. అవతల అత్త కాళ్ళు అడ్డం ఉన్నాయి.

"నేనొచ్చేసరికి నల్లా కింద పడి ఉన్నది వదినె," అంది. "కండ్లు తెరిచే ఉన్నయి. నన్ను చూసింది, ఒక్క మాటనలే. నేనూ మామా లేవదీసి తెచ్చి పండబెట్టినం."

"నాగేష్‌ను లేపలేదా?"

మాధవి ఎడమచేతి వైపు గది తలుపు కేసి చూసింది. ఆ తలుపు మూసి ఉంది. దాని వెనక కూలర్ తిరుగుతున్న హోరు సన్నగా వినబడుతోంది.

"నైటు దిగొచ్చి ఎనిమిదింటికి పండుకున్నడు. మూడున్నర దాక లేపొద్దు గదా."

"అమ్మ కింద పడ్డా లేపొద్దా?"

"ఇద్దరం ఉన్నం, లేవదీసినం. ఆయన్ను లేపి ఏం జేసేదుండె?"

అప్పుడు తట్టింది జ్యోతికి. ఇంతసేపూ ఈ పోట్లాటంతా గుసగుసల్లోనే నడుస్తోంది. తను కూడా పళ్ళ మధ్య నుంచే మాట్లాడుతోంది. పెళ్ళై ఈ ఇల్లు విడిచి పదిహేనేళ్ళు దాటినా, గుమ్మంలో కాలు పెట్టగానే గొంతు దానంతటదే కిందికి దిగింది.

ఈ ఇంట్లో అందరి గొంతులూ అంతే. గట్టయ్య ముప్పై నాలుగేళ్ళు బొగ్గు గనిలో పని చేశాడు. ఆయనకు నైట్ డ్యూటీ పడ్డప్పుడల్లా పగలు ఇంట్లో కుక్కర్ కూత వెయ్యకూడదు, మిక్సీ తిరగకూడదు. గిన్నెలు మూడు దాటాకే తోమాలి. పిల్లలు అష్టాచెమ్మా ఆడినా గవ్వలు దుప్పటి మీదే వెయ్యాలి. చుట్టాలొస్తే ఐలమ్మ గేటు దాకా ఎదురెళ్ళి, పలకరింపుకు ముందే నోటి మీద వేలు పెట్టేది. కిటికీకి వెలుగు రాకుండా నల్ల తాడిపత్రి పట్టా కొట్టించిందీ ఆమే. నిద్ర చాలని మనిషి గనిలోకి వెళ్తే ఏమవుతుందో బాబుపేట్‌లోని ఆ గల్లీలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. గట్టయ్య రిటైరై నాలుగేళ్ళు. అంతకు నాలుగేళ్ళ ముందే కొడుకు నాగేష్‌కు సాస్తి ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడిపే ఉద్యోగం వచ్చింది. గదిలో పడుకునే మనిషి మారాడు, అంతే.

జ్యోతి సంచిని నేల మీదికి వదిలేసింది. అందులో స్టీలు డబ్బా ఖంగుమంది.

"మెల్లగ," అన్నాడు గట్టయ్య.

"ఎందుకు మెల్లగ?" ఆ గొంతు హాలంతా నిండింది. జ్యోతికే కొత్తగా వినబడింది. "చెప్పు బాపూ, ఎందుకు మెల్లగ? గర్భసంచి తీసి పన్నెండు రోజులు కాలే. లోపల కుట్లు మానలే. గసువంటి మనిషి బాత్రూంల పడితే గూడ ఈ ఇంట్ల గుసగుసలేనా?"

"జెర ఆ మాట గట్టిగ అనకు. బయట మనుషులుంటరు."

"ఔ, మర్చిపోయిన. గల్లీల అందరికి కిడ్నీల రాళ్ళ ఆపరేషనని చెప్పినవు గదా. మొన్న రాజమ్మత్త ఫోన్ల అడిగింది, రాయి ఎంతున్నదట బిడ్డా అని. నిమ్మకాయంతని చెప్పిన."

మాధవి పెదవి చివర కదిలి ఆగిపోయింది. గట్టయ్య ముఖం మాత్రం నల్లబడింది. ఏదో అనబోయాడు.

మంచం మీద నుంచి ఐలమ్మ మాట్లాడింది.

"పదకొండు దాటినంక పోయిన."

ముగ్గురూ అటు తిరిగారు.

"బాత్రూంకు. తల తిరుగుతుండె. గోడ పట్టుకుందామనుకున్న, గోడ అందలే." చూపు ఫ్యాను మీదే ఉంది. "జెరసేపటికి చీపుర్లామె వచ్చింది. నీ బాపు పొమ్మన్నడు. దానెన్క పాత సామాన్లకు ఉల్లిగడ్డలిచ్చేటోడు వచ్చిండు, వాని బండికి మైకున్నది. ఏ, మైకు బంద్ చెయ్, లోపట పండుకున్నరు అన్నడు. పైన జాలీల నుంచి అన్నీ ఇనబడ్డయి."



"పదకొండు నుంచి ఒంటిగంటన్నర," అంది జ్యోతి. "రెండున్నర గంటలు."

"గంతనే ఉండొచ్చు."

"బాపు గోడ అవతల్నే ఉండె గదమ్మా. ఒక్క కేక పెట్టకపోతివా?"

"పిల్లగాడు పండుకున్నడు," అంది ఐలమ్మ.

బియ్యం అయిపోయాయి అన్నట్టుగా అంది ఆ మాట. అంతకంటే ఎక్కువ చెప్పాల్సిందేమీ లేదన్నట్టు.

గట్టయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. వెంటనే లేచాడు. కోపం ఎవరి మీద చూపించాలో తెలియని మనిషిలా రెండడుగులు అటూ ఇటూ వేసి, చివరికి భార్య మంచం దగ్గరే ఆగాడు.

"పిలిస్తె రాకపోదునా? నీకన్న తెలివి ఉండొద్దా? ఇప్పుడు బిడ్డ ముంగట నన్ను దొంగను చేస్తున్నవు."

"నేనేమన్న అన్ననా నిన్ను?" ఐలమ్మ అడిగింది.

"అనకుంటనే అంటున్నవు."

గది తలుపు తెరుచుకుంది. చల్లటి గాలి హాల్లోకి వచ్చింది, దాని వెంట నాగేష్ వచ్చాడు. బనియన్, లుంగీ. కళ్ళు ఎర్రగా, చెంప మీద దిండు మడత.

"ఏంది లొల్లి? మూడు గూడ కాలేదు." అక్కను చూసి ఆగాడు. "అక్కా, ఎప్పుడొచ్చినవ్?"

 నాగేష్ తల్లి మోచేయి చూశాడు. మాధవి చెప్పింది. పడ్డదీ, ఎప్పుడు పడ్డదీ, ఎందుకు పిలవనిదీ. చెప్పేటప్పుడు భర్త ముఖం వైపు చూడలేదు.

"నేను చెప్పిన్నా?" అన్నాడు నాగేష్.  "పడ్డా, సచ్చినా నన్ను లేపొద్దని నేనెన్నడన్న చెప్పిన్నానే అమ్మా?"

"నువ్వు చెప్పలే," మాధవి అంది. "బుధవారం నాడు అత్తమ్మ మూలిగితే బయటకొచ్చి, ఈ ఇంట్ల మనిషి పండుకోవాల్నా వద్దా అని తలుపు ధడేల్మని ఏసినవు. గోడ మీది ఫొటో కింద పడ్డది. ఇంక వేరే చెప్పుడెందుకు?"

"నాకు నిద్ర పట్టకపోతే..."

"ఆమెకు నొప్పి పట్టకపోతే గదా మూలగకుండ ఉండేది."

"నువ్వు ఊకో మాధవీ," జ్యోతి అంది. "నువ్వు గూడ అందరి తోవనే నడిచినవు. ఆపరేషనైన మనిషిని నలభై నాలుగు డిగ్రీల ఎండల హాల్ల పండబెట్టి, కూలరున్న గది..."

మాధవి గుమ్మంలోంచి ముందుకు వచ్చింది.

"నన్నెందుకు అంటున్నవు వదినె? ఈ రివాజు నేను పెట్టిన్నా? పెండ్లైన మూడో రోజు రోట్ల పచ్చడి నూరితే అత్తమ్మ వచ్చి రోకలి చేతిలకెళ్ళి గుంజుకున్నది. మొగడు పండుకుంటె రోలు కొడతవా, వాన్ని సంపుతవా అన్నది. ఎనిమిదేండ్ల సంది చేతి గాజులకు గుడ్డ చుట్టుకొని తిరుగుతున్న ఈ ఇంట్ల. అడుగు, ఆమెనే అడుగు."

 ఐలమ్మ కళ్ళు మూసుకుంది. "నిజమే," అంది. "గుంజుకున్న."

ఆ ఒప్పుకోలుతో మాధవి కోపం ఎటూ పోలేక నిలబడిపోయింది. కొంగుతో మెడ తుడుచుకుని అల్మారా వైపు తిరిగింది.

"తల ఎందుకు తిరిగింది?" జ్యోతి ఉన్నట్టుండి అడిగింది. "దవాఖానల నడిపిస్తె మంచిగనే నడిచింది గదా."

మందుల సంచి టీవీ పక్కన ఉంది. జ్యోతి దాన్ని మంచం చివర కుమ్మరించింది. నొప్పి గోలీల అట్టలు రెండు. ఒకటి ముట్టనే లేదు. రెండో దాంట్లో నాలుగే ఖాళీ.

"ఇవి రోజుకు మూడియ్యాలె. ఇంటికొచ్చి ఆరు రోజులాయె. నాలుగేనా?"

"నొస్తే అడుగు అత్తమ్మా అని పొద్దున మాపున చెప్తున్న," అంది మాధవి. "అడగదు. ఏసుకో అంటే వద్దంటది."

"ఎక్కువేసుకుంటె కిడ్నీలు పోతయట," అంది ఐలమ్మ. "నీ బాపన్నడు."

జ్యోతి చేతికి ఇంకో చిన్న అట్ట తగిలింది. తెల్లటి గోలీలు, శనగపప్పంత. ఐదు ఖాళీలు.

"ఇదెవరిది?"

"నాది," అన్నాడు గట్టయ్య.

ఆయనకు రిటైరైనప్పటి నుంచి రాత్రిళ్ళు నిద్ర లేదు. అన్నేళ్ళు వేళ తప్పి పడుకున్న ఒంటికి రాత్రి అంటే ఏమిటో తెలియకుండా పోయింది. డాక్టర్ రాసిచ్చిన నిద్రగోలీ అది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"అమ్మకిచ్చినవా?"

"గురువారం సంది. పొద్దున తొమ్మిదింటికి ఒకటి. రాత్రంత మేల్కొనే ఉంటది, మంచం మీద అటు ఇటు పొర్లుతది. పగలన్న జెర పండుకుంటదని..."

"పగలన్న జెర సప్పుడు చెయ్యదని."

గట్టయ్య ఆ అట్ట తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

జ్యోతి ఫోన్ తీసింది. నంబరు రెండుసార్లు తప్పు నొక్కింది. ఆపరేషన్ వార్డులో కోమల అనే నర్సు, రాజురా వైపు తెలుగు పిల్ల. ఇంటికి పంపేటప్పుడు ఏదన్నా ఉంటే చెయ్యమని నంబరిచ్చింది. ఆమె ఎత్తగానే జ్యోతి స్పీకర్ పెట్టి, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పింది.

కోమల తిట్టలేదు. అడగాల్సినవి అడిగింది. తలకు దెబ్బ తగిలిందా? లేదు. రక్తం కనబడిందా? మరకంత, గోధుమ రంగు. జ్వరం? లేదు. నిలబడగలుగుతుందా? పట్టుకుంటే నిలబడింది.

"నొప్పి పదికి ఎంతున్నది?"

"రెండు," గట్టయ్య ఫోన్ వైపు వంగి చెప్పాడు. "రెండు, ఎక్కువంటె మూడు."

"తాతా, మీకెంతున్నదని అడుగుతలేను. పెద్దమ్మకియ్యండి."

జ్యోతి ఫోన్‌ను తల్లి నోటి దగ్గర పెట్టింది. ఐలమ్మ ముందు కొడుకు కాళ్ళ వైపు చూసింది. తర్వాత గట్టయ్య వైపు చూసింది.

"తొమ్మిది," అంది.

"ఇప్పుడు పడ్డందుకా పెద్దమ్మా? అంతకుముందెంతుండె?"

"గప్పుడు గూడ తొమ్మిదే. దవాఖానల గూడ తొమ్మిదే. మీ పెద్ద డాక్టర్ రోజూ వచ్చి మరాఠీల దుఖతంయ్ కా ఆజీ, నొస్తున్నదా అవ్వా అంటుండె. నేను నోరు తెరిచే లోపట ఈయన నహీ, నహీ అంటుండె."

"మీరన్న చెప్పకపోయిన్రా?"

"డాక్టర్ ఎంబడి నలుగురు మొగ పిలగాండ్లు నోటుబుక్కులు పట్టుకొని నిలబడుతుండిరి. ఇటు మొగడు, అటు కొడుకు. ఏడ నొస్తున్నదని చెప్పాలె బిడ్డా? ఏడని వేలు పెట్టి చూపియ్యాలె?" ఐలమ్మ గొంతు పెరగలేదు. కానీ ఆమె ముక్కుపుటాలు అదిరాయి. "మూత్రం పోతుంటె కత్తిపెట్టి కోసినట్టుంటది. పక్కకు తిరిగితె లోపల్నుంచి గుంజుతది. కండ్లు మూస్తె నొప్పే, తెరిస్తె నొప్పే. ఇవన్నీ మొగోళ్ళ ముంగట చెప్పాల్నా?"

నాగేష్ నేల చూపులు చూశాడు. గట్టయ్య వీధి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, కానీ బయటికి పోలేదు.

"నాకు చెప్పిన్రు గదా పెద్దమ్మా, చాలు," అంది కోమల. "అక్కా, ఐదింటికి డాక్టర్ వస్తరు. తీసుకరండి, చూడాలె. ఈలోపల ఎర్ర రక్తం పోయినా, వాంతులైనా, మత్తుల మాట తడబడ్డా ఐదు దాక ఆగకుండ్రి. ఆ నిద్రగోలీ మాత్రం మళ్ళ ముట్టనియ్యకండి. తాతకు రాసింది అమ్మకెట్లేస్తరు? ఈ వయసుల దానికే మనిషి తూలి పడ్తది. నొప్పి గోలీ గడియారం చూసి ఇయ్యాలె, అడిగేదాక ఆగొద్దు. నొప్పి తగ్గితెనే నిద్ర. ఇంటికి పోయినంక ఆమెకు చల్లటి గది ఇయ్యండి. చీకటి ఉండాలె. మధ్యల ఎవ్వరూ లేపొద్దు."

ఫోన్ ఆగింది.

చల్లటి గది, చీకటి గది ఆ ఇంట్లో ఒకటే ఉంది. ఎవరూ అటు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ కష్టపడుతున్నట్టు ఉంది.

జ్యోతి నీళ్ళు తెచ్చి గోలీ వేసింది. "నేను తీస్కపోత," అంది. "దవాఖాన కెళ్ళి అటే విసాపూర్. పదిహేను రోజులు నా దగ్గర ఉంటది."

"అట్లనే మంచిగుంటది," గట్టయ్య గుమ్మం దగ్గర నుంచే అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. "ఆడ గాలి గూడ మంచిగుంటది."

"నేను చీరలు సర్దుత," మాధవి అల్మారా తెరిచింది.

 నాగేష్ భుజాలు కిందికి దిగాయి, మోస్తున్నదేదో ఎవరో అందుకున్నట్టు.

ఐలమ్మ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. వారం రోజుల్లో ఆ ముఖాలు ఇంత తేలికపడటం ఆమె చూడలేదు.

"నేనేడికీ పోను."

"అమ్మా, జెర ఇను..."

"లేపు నన్ను."

పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించి, జ్యోతి చెయ్యి పట్టుకుని లేచింది. మొదటి అడుగుకు పెదవి కొరుక్కుంది. రెండో అడుగుకు "అమ్మో" అని మూలిగింది. అందరికీ వినబడేట్టు మూలిగింది. నాగేష్ తనకు తెలియకుండానే గది గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. ఐలమ్మ లోపలికి వెళ్ళింది. కొడుకు పడుకున్న పక్క ఇంకా నలిగే ఉంది. కూలర్ గాలికి ఆమె నెరిసిన జుట్టు కదిలింది. గుమ్మంలోకి తిరిగి, తలుపు లోపలి గడియ మీద చెయ్యి వేసి, దాని ఆసరాతో నిలబడింది.

"ఐదింటికి దవాఖానకు పోత. డాక్టర్ ముంగటికి నేనూ జ్యోతే. ఇంకెవ్వరు లోపటికి రావద్దు." గట్టయ్య వైపు చూసి అంది ఆ మాట. "వచ్చినంక ఈ గదిల పండుకుంట. రేపు గూడ ఈడనే. పగలు నిద్రొస్తె పగలు పండుకుంట. నొస్తె మూలుగుత."

"మరి నేనేడ పండుకోవాలె అమ్మా?" నాగేష్ అడిగాడు. ఈసారి అతని గొంతులో కోపం లేదు.

"హాల్ల పండుకో. వారం సంది నేను పండుకుంటలేనా?"

"తోటి డ్రైవర్ వెంకటి బిడ్డ పెండ్లికి లీవు పెట్టిండు. ఇంక తొమ్మిది నైట్లు వాని డ్యూటీ గూడ నాదే. ఈ ఎండల, ఈ రోడ్డు సప్పుడుల నాకు నిద్ర పట్టదమ్మా. నిద్ర లేకుంట బండెక్కితే..."

అక్కడ ఆగాడు.

ఆ మాట ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. గట్టయ్య ముప్పై నాలుగేళ్ళు అక్కడే ఆపాడు. నాగేష్ ఎనిమిదేళ్ళ నుంచి అక్కడే ఆపుతున్నాడు. ఆగిన ప్రతిసారీ ఐలమ్మ లేచి వెళ్ళి ఎవరి నోరు మూయించాలో వాళ్ళ నోరు మూయించి వచ్చేది. పిల్లల నోరు, కోడలి నోరు, వీధిలో బండ్లవాళ్ళ నోరు. చివరికి తన నోరు.

"ఎక్కితే?" అంది.

నాగేష్ తలెత్తాడు.

"ఎక్కితే ఏందిరా? ఇన్నేండ్ల సంది సగం మాటకే భయపడ్డ. ఇయ్యాల మొత్తం చెప్పు."

"ఊకో," అన్నాడు గట్టయ్య. ఎవరిని అన్నాడో తెలియలేదు.

నాగేష్ అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. మాట్లాడినప్పుడు మళ్ళీ గుసగుసలాగే వచ్చింది.

"పోయిన గురువారం. తెల్లారగట్ల నాలుగున్నరకు. నిండు బండి. కన్ను మూతబడ్డది. ఎవడో హారన్ కొడ్తె తెరిచి చూసిన. అద్దం ముంగట నేల లేదమ్మా. ముందు టైరు బెంచి గట్టు అంచు మీదున్నది. కింద ఆరుగురు పని చేస్తున్నరు."

మాధవి చేతుల్లో చీర మడత విడిపోయి నేల మీదికి జారింది. ఆమెకు కూడా ఇప్పుడే తెలిసింది.

గురువారం తెల్లవారుజాము. దానికి ముందు పగలు బుధవారం. పగలంతా తను మూలిగిన బుధవారం. లెక్క ఐలమ్మకు వెంటనే అందింది. ఆమె తలుపు మీదికి ఒరిగింది.  జ్యోతి పట్టుకోబోతే వద్దన్నట్టు తల ఊపింది.

"చెప్పమన్నవు గదా, చెప్పిన," అన్నాడు నాగేష్. "ఇప్పుడు నువ్వే చెప్పమ్మా."

ఐలమ్మ కొడుకు ఎర్రటి కళ్ళ వైపు చూసింది, వెనక నలిగిన పక్క వైపు చూసింది.  గడియ మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.